పెళ్లిచూపుల తేదీ దగ్గర ఆగిన చికిత్స: స్టెరాయిడ్ క్రీముతో దెబ్బతిన్న ముఖం

ఈ కేసు రాయడానికి రోగి అనుమతి ఇచ్చింది. ఆమెను, ఆమె కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. చర్మవ్యాధుల వైద్యురాలిగా ఇలాంటి ముఖాలను ప్రతి వారం చూస్తూనే ఉంటాను. వాటిలో ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ రోగనిర్ధారణలో సందేహం లేదు. మందులు సరైనవే. రోగి చదువుకున్న అమ్మాయి, చెప్పింది చెప్పినట్టు పాటించే మనిషి. అయినా చికిత్స మొదటిసారి మూడు వారాలు కూడా నిలవలేదు. అది ఎక్కడ తెగిందో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రోగి చెప్పిన సంగతులు

వయసు 24. డి.ఎడ్ పూర్తిచేసి, ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెబుతూ డీఎస్సీకి చదువుకుంటోంది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ముఖానికి చున్నీ చుట్టుకుని ఒంటరిగా వచ్చింది. "ముఖం మండుతోంది మేడమ్. ఎండలోకి వెళ్లలేను, పొయ్యి దగ్గర నిలబడలేను. చదువుకునే రోజుల్లో ఒక్క మొటిమ ఉండేది కాదు, ఇప్పుడు గడ్డం నిండా వచ్చాయి. బుగ్గల మీద వెంట్రుకలు కూడా వస్తున్నాయి" అంది. ఏడాదిగా ఇదే పరిస్థితి. క్రీము రాస్తే తగ్గుతుంది, రెండు రోజులు మానేస్తే రెట్టింపవుతుంది. ఈ చివరి మాట వినగానే చర్మవైద్యులెవరికైనా విషయం అర్థమవుతుంది.

సంచిలోంచి రెండు ట్యూబులు, లేబుల్ లేని ఒక చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మొదటి ట్యూబులో చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం ఉన్నాయి. దాన్ని రెండేళ్లు రాసింది. ఆ తర్వాత "పని చేయడం మానేసింది" అని మందుల షాపులో చెబితే, కౌంటరులో ఉన్న వ్యక్తి రెండోది ఇచ్చాడు. అది క్లోబెటసాల్ 0.05 శాతం. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అత్యంత శక్తిమంతమైన తరగతికి చెందినది, సోరియాసిస్ లాంటి మొండి జబ్బులకు, అదీ కొద్ది వారాలకు మాత్రమే వాడాల్సినది. ఆమె దాన్ని ఏడాదిపాటు రోజూ రాత్రి ముఖానికి, మెడకు రాసింది. కళ్ల కింద నలుపు పోతుందని కనురెప్పలకూ రాసింది. డబ్బాలోని క్రీము తెలిసిన బ్యూటీషియన్ ఇచ్చినది. అందులో ఏముందో ఇచ్చినవారికీ తెలియదు.

ఎలా మొదలైందని అడిగాను. డి.ఎడ్ చివరి ఏడాదిలో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మొదట వచ్చినవాళ్లు కాఫీ తాగి, వెళ్లేటప్పుడు మధ్యవర్తితో "అమ్మాయి ఫొటోలో ఉన్నట్టు లేదు" అన్నారట. ఆ సాయంత్రమే పెద్దమ్మ తన కూతురికి "పనిచేసిన" ట్యూబు పేరు చీటీ మీద రాసిచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదని ఆమె నాతో గట్టిగా చెప్పింది. నిజమే కావచ్చు. చిన్నప్పటి నుంచి స్నానానికి ముందు సున్నిపిండి, మీగడ, పసుపు పట్టించుకున్న పిల్ల. బంధువుల ఇళ్లలో చెల్లెలితో పోల్చి మాట్లాడుతుంటే విన్న పిల్ల. అలాంటి అమ్మాయి చేతిలో ట్యూబు పెట్టాక బలవంతం అవసరం ఉండదు.

మొదటి మూడు నాలుగు నెలలు ఫలితం బాగా కనిపించింది. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదించి చర్మాన్ని పాలిపోయేలా చేస్తుంది, రంగునిచ్చే మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. హైడ్రోక్వినోన్ అదే పనిని ఇంకో దారిలో చేస్తుంది. ఆ తర్వాత చర్మం పలచబడి, కింద ఉన్న రక్తం రంగు పైకి కనిపించడం మొదలవుతుంది. ఆ దశలో ఆమెను చూసిన బంధువులందరూ "ఎర్రగా వచ్చావే, ఏం రాస్తున్నావు?" అని అడిగారు. జబ్బు మొదటి లక్షణానికి ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారన్నమాట. ఆ ప్రశంసలు వింటున్న పిల్ల ట్యూబు ఆపుతుందని ఎలా అనుకోగలం?

పరీక్షలో కనిపించినవి

రెండు బుగ్గలు, గడ్డం, ముక్కు పక్కల చెదరని ఎరుపు. దాని మీద దారపు పోగుల్లా సన్నని రక్తనాళాలు. గడ్డం చుట్టూ ఒకే రకంగా ఉన్న చిన్న చిన్న ఎర్రటి పొక్కులు, కొన్నింట చీము. మామూలు మొటిమల్లో ఉండే నల్లటి, తెల్లటి మొనలు (బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్) లేవు. చెంపల మీద నూగు వెంట్రుకలు ఒత్తుగా ఉన్నాయి. కనురెప్పల చర్మం సన్నబడి ముడతలు పడింది. మెడ మీద కొన్ని చోట్ల రంగు తగ్గి, కొన్ని చోట్ల ముదిరి మచ్చలు మచ్చలుగా ఉంది.

దీన్ని స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అంటాం. ఈ పేరును కోల్‌కతాకు చెందిన చర్మవైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ వాడుకలోకి తెచ్చారు. మన దేశంలో ఈ సమస్యకు ప్రత్యేకమైన పేరు అవసరమైందంటే అది ఎంత విస్తరించిందో ఊహించవచ్చు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, దేశంలోని 12 కేంద్రాలకు ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారని తేలింది. వారిలో 126 మంది జబ్బు కోసం కాక తెల్లబడటానికో, గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికో, మామూలు క్రీములాగో వాడుతున్నారు.

ముఖం ఎందుకు ఇంత త్వరగా దెబ్బతింటుందో రోగులకు తప్పకుండా చెబుతాను. ముంజేతి లోపలి చర్మం ఎంత స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుందో, నుదురు దానికి 6 రెట్లు, దవడ అంచు దాదాపు 13 రెట్లు పీల్చుకుంటాయని 1967 నాటి కొలతలే చెప్పాయి. చేతి మీద ఎగ్జిమాకు రాసిన మందు హాని ఏమీ చేయలేదు కదా అని అదే ముఖానికి రాస్తే జరిగేది ఇదే.

స్టెరాయిడ్ కంటి ఒత్తిడిని పెంచగలదు, ఈమె కనురెప్పలకు రాసింది కాబట్టి కంటి వైద్యుల దగ్గరకు పంపాను. కంటి ఒత్తిడి కుడివైపు 24, ఎడమవైపు 23 వచ్చింది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. కంటి నరం ఇంకా దెబ్బతినలేదు. మరో ఏడాది ఇలాగే సాగితే గ్లకోమా (ఒత్తిడికి కంటి నరం దెబ్బతినే జబ్బు) వచ్చే ప్రమాదం ఉండేది. తెల్లబడాలనుకున్న అమ్మాయి చూపు పోగొట్టుకునే దారిలో సగం దూరం నడిచింది, నొప్పి ఉండదు కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియలేదు.

లేబుల్ లేని డబ్బా వల్ల మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించాను. ఇలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 నుంచి 2023 వరకు చూసిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ (మూత్రపిండాల వడపోత దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు) కేసుల్లో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. మన రోగికి ప్రొటీన్ పోవడం లేదు. శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ కూడా, ఉదయం 8 గంటలకు చూస్తే, మామూలుగానే ఉంది.

చివరగా పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు. కుంగుబాటును కొలిచే ఈ తొమ్మిది ప్రశ్నలను చర్మవ్యాధుల గదిలో అడగడం కొందరికి వింతగా అనిపించవచ్చు. ముఖ చర్మ సమస్యతో వచ్చిన ప్రతి యువతినీ అడగాలని నా అభిప్రాయం. ఈమెకు 27కు 14 వచ్చింది. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుందా అనే ప్రశ్నకు "కొన్ని రోజులు" అంది. ఏదైనా చేసుకోవాలన్న ఉద్దేశం ఉందా అని సూటిగా అడిగాను. లేదని చెప్పింది. మానసిక వైద్యుల పేరు, ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 మందుల చీటీ మీదే రాశాను. దాన్ని వేరే కాగితం మీద రాస్తే బయటికి వెళ్లగానే పారేస్తారు.

మొదటి చికిత్స, అది ఆగిన తీరు

స్టెరాయిడ్ పూర్తిగా ఆపించాను. రాత్రిపూట స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంట్, రోజుకు ఒకసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ 100 మిల్లీగ్రాములు, సువాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఉన్న సన్‌స్క్రీన్, మంటకు చల్లటి తడిగుడ్డ. (ఇవి చదివి ఎవరూ సొంతంగా కొనుక్కోవద్దు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు పనికిరాదు, టాక్రోలిమస్ మొదటి రోజుల్లో మండుతుంది. ముఖం చూడకుండా ఈ మందులు ఎవరికీ రాయకూడదు.) ఆపిన మూడో నాలుగో రోజు నుంచి ముఖం ఉబ్బి, ఎర్రబడి, ఇప్పటికంటే ఘోరంగా కనిపిస్తుందని, రెండో వారం దాకా అది పెరుగుతుందని, తర్వాతే దిగుతుందని చెప్పాను. ఇంట్లోవాళ్లతో మాట్లాడతానంటే వద్దంది. "అమ్మకు చెప్పకండి మేడమ్, కంగారు పడుతుంది" అని పదేపదే అడిగింది. పెద్దయిన మనిషి, ఆమె నిర్ణయాన్ని గౌరవించాలి.

రెండో వారం ఫోన్ చేసి, ముఖం బాగా ఉబ్బిందని, స్కూలుకు సెలవు పెట్టానని చెప్పింది. ధైర్యం చెప్పాను. మూడో వారం రావాల్సిన రోజున రాలేదు. రెండు నెలల తర్వాత వచ్చింది. ముఖం నునుపుగా, మెరుస్తూ ఉంది. చూడగానే క్లోబెటసాల్ మళ్లీ మొదలుపెట్టిందని తెలిసిపోయింది.

జరిగింది ఇదీ. ముఖం అత్యంత వికారంగా ఉన్న ఆ రెండో వారంలోనే ఒక సంబంధం వచ్చింది. ఆదివారం చూడటానికి వస్తామన్నారు. శుక్రవారం రాత్రి పాత ట్యూబు తీసింది. ఆదివారానికి ఎరుపు దిగింది. వాళ్లు వచ్చారు, చూశారు, రంగు సంగతే కారణంగా చెప్పి కట్నం పెంచమన్నారు. సంబంధం కుదరలేదు. ట్యూబు మాత్రం ఇంట్లో మళ్లీ స్థిరపడింది.

ఈ కేసులో నేను పట్టుకున్న సూత్రం ఇక్కడే ఉంది. చాలా జబ్బుల్లో చికిత్స మొదలుపెడితే రోగి ఎంతో కొంత మెరుగ్గా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, ఆ సంతోషం చికిత్సను ముందుకు నడిపిస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. చికిత్స మొదటి వారాల్లో ముఖం పాడవుతుంది. ఆరు నెలలకు జబ్బు నయమయ్యేసరికి ముఖం తన అసలు రంగుకు, అంటే ఆ ఇల్లు ఇన్నాళ్లూ లోపంగా చూసిన రంగుకు తిరిగివస్తుంది. డాక్టరు దృష్టిలో పూర్తి ఆరోగ్యం అనిపించేది, పెళ్లిచూపుల గదిలో కూర్చున్నవారి దృష్టిలో ఓటమి. ఈ రెండు కొలబద్దలూ ఒకే ముఖం మీద ఉన్నంతకాలం ఏ ఆయింట్‌మెంట్ కూడా ఒంటరిగా గెలవదు.

తల్లితో మాట్లాడిన రోజు

ఈసారి తల్లిని తీసుకురమ్మంటే ఒప్పుకుంది. ఆమెకు సుమారు యాభై ఏళ్లు ఉంటాయి. లోపలికి వచ్చి కూర్చోగానే "మా అమ్మాయి కాస్త చామనఛాయ, డాక్టరమ్మగారూ. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు కూడా తాగాను" అని, కూతురి రంగుకు తానే సంజాయిషీ ఇచ్చుకున్నట్టు మాట్లాడింది. గర్భిణి తాగిన కుంకుమపువ్వుకూ బిడ్డ రంగుకూ సంబంధం లేదని, ఆ రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుందని చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "నా పెళ్లికి కూడా రంగు తక్కువని మా నాన్న పసుపు కుంకుమ కింద అర ఎకరం ఎక్కువ రాయించాడు" అంది.

ఇలాంటి తల్లులను దోషులుగా చూపించడం చాలా తేలిక. నేను ఒప్పుకోను. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరమైన దేశంలో, కూతురి ఛాయను బట్టి తన ఇంటి పొలం ఎంత తరుగుతుందో లెక్క వేసుకోవాల్సిన స్థితిలో ఆమె ఉంది. ఆ లెక్కను ఆమె సొంతంగా కల్పించుకోలేదు, ఒకసారి తన ఒంటి మీదే చెల్లించింది. అందుకే ట్యూబు ఆమెకు కూతురి మీద ప్రేమగానే కనిపించింది. ఆమెకు సౌందర్య ప్రమాణాల గురించి ఉపన్యాసం ఇచ్చి ప్రయోజనం లేదు. కూతురి కంటి ఒత్తిడి అంకెలు చూపించాను. ట్యూబు మానకపోతే ఏమవుతుందో చెప్పాను. ఆమె ఏడ్చింది, తర్వాత సూటిగా అడిగింది: "ఎన్ని నెలలు పడుతుంది?"

నేను ప్రతి ఇలాంటి రోగికీ చేసే పని ఒకటి ఉంది. భుజం కింద, చేతి లోపలివైపు చర్మాన్ని చూపిస్తాను. ఎండ తగలని ఆ చోట ఉండేదే ఆ మనిషి పుట్టుకతో తెచ్చుకున్న రంగు. చికిత్స ముఖాన్ని అక్కడిదాకా తీసుకురాగలదు. అంతకంటే తెల్లగా చేస్తానన్న ప్రతి క్రీమూ చర్మాన్ని ఎక్కడో ఒకచోట కోస్తూనే చేస్తుంది. తల్లి కూతురి చేతిని తన చేతి పక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకటే రంగు.

ఆ రోజు ముగ్గురం కలిసి ఒప్పందానికి వచ్చాం. మూడు నెలలు పెళ్లిచూపులు లేవు. మధ్యవర్తి అడిగితే అమ్మాయి డీఎస్సీకి చదువుతోందని చెప్పాలి, అది అబద్ధం కూడా కాదు. ముఖం ఉబ్బే రోజుల్లో బంధువులెవరైనా ఏమైనా అంటే తల్లే జవాబు చెప్పాలి. ట్యూబులు, డబ్బా నా దగ్గరే వదిలి వెళ్లాలి.

బయలుదేరబోతూ తల్లి ఆగి, "చిన్నదానికి కూడా ఇదే రాస్తున్నాను, నాలుగు నెలలైంది" అంది. చిన్నమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. అక్కకంటే తెల్లనిదని బంధువులు పోల్చి మెచ్చుకున్న చెల్లెలే. మర్నాడే తీసుకురమ్మన్నాను. దవడ కింద అంచు సరిగా తెలియని ఎర్రటి మచ్చ ఉంది. గీరి చూస్తే ఫంగస్. స్టెరాయిడ్ రాయడం వల్ల ఫంగస్‌తో వచ్చే తామర అసలు రూపం మారిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది, లోలోపల అది విస్తరిస్తుంది. నాలుగు నెలలే కాబట్టి చర్మం ఇంకా పలచబడలేదు. ఆ అమ్మాయికి ఫంగస్ మందుతో ఆరు వారాల్లో నయమైంది. ఈ కేసు మొత్తంలో నాకు ఎక్కువ ఊరటనిచ్చింది ఇదే.

మందుల షాపు సంగతి

ఆమె వాడిన మొదటి ట్యూబులోని మూడు మందుల కలయికకు మూలం 1975లో అమెరికా చర్మవైద్యులు క్లిగ్‌మాన్, విల్లిస్ ప్రచురించిన సూత్రం. అది మంగు లాంటి మచ్చలకు, వైద్యుల పర్యవేక్షణలో, కొద్దికాలానికి ఉద్దేశించినది. అదే 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది. ఆ క్రీములో స్టెరాయిడ్ లేదు, ఈ అమ్మాయి దాన్ని వాడలేదు కూడా. కానీ ముఖం తెల్లబడితే ఉద్యోగం, పెళ్లి వస్తాయన్న ప్రకటనలు దశాబ్దాలపాటు ఇంటింటా ఆడాక, ఆ కోరికను మరింత వేగంగా తీర్చే మందు వైద్యుల అల్మరాలోంచి కౌంటరు మీదికి రావడానికి దారి సుగమమైంది. 2020లో ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట తొలగించారు, ఒక పెద్ద వివాహ వెబ్‌సైటు రంగును బట్టి వెతికే సదుపాయాన్ని తీసేసింది. మంచి పనులే. మా ఊళ్లో మధ్యవర్తుల దగ్గరుండే బయోడేటా కాగితంలో మాత్రం ఎత్తు పక్కన రంగు గడి అలాగే ఉంది.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ ఉత్తర్వు కోసం చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. ఈ రోగి తన ట్యూబుల్లో ఒక్కదాన్ని కూడా చీటీతో కొనలేదు. చట్టం కాగితం మీద ఉండి, కౌంటరు దగ్గర లేకపోవడం నాకు కోపం తెప్పించే విషయం. ప్రతి ట్యూబునూ ఎవరో ఒకరు చూసి, తెలిసి, చేతికిచ్చారు.

రెండో చికిత్స, ఇప్పటి స్థితి

మందులు అవే. మార్చింది ఇంటి ఏర్పాటు ఒక్కటే. రెండో వారం ముఖం ముందుకంటే ఎక్కువగా ఉబ్బింది, ఎందుకంటే మధ్యలో మళ్లీ స్టెరాయిడ్ పడింది. తల్లి ప్రతి సాయంత్రం తడిగుడ్డ వేసింది. పెద్దమ్మ వచ్చి "మళ్లీ నల్లబడుతోందే" అన్నప్పుడు "డాక్టరు చెప్పారు, అదే దాని రంగు" అని సమాధానమిచ్చిందట. ఆరో వారానికి ఎరుపు సగం తగ్గింది, మూడో నెలకు పొక్కులు పోయాయి. డాక్సీసైక్లిన్ ఆపాం, టాక్రోలిమస్ వారానికి రెండు రాత్రులకు తగ్గించాం. రెండు నెలలు దాటాక చూస్తే కంటి ఒత్తిడి రెండు వైపులా 16. మానసిక వైద్యుల దగ్గరకు తల్లే తోడు వెళ్లింది. పీహెచ్‌క్యూ-9 నాలుగో నెలలో 5కు దిగింది.

ఇప్పుడు నా కేసు షీటులో, ఏ క్రీములు రాశారన్న ప్రశ్న కింద, రాబోయే మూడు నెలల్లో ఇంట్లో ఏ శుభకార్యాలు, ఏ చూపులు ఉన్నాయన్న ప్రశ్న కూడా ఉంటుంది. తేదీ రాసుకుని, స్టెరాయిడ్ ఆపే రోజును దానికి దూరంగా జరుపుతాను. దగ్గర్లో పెళ్లి ఉంటే ఒక్కసారిగా ఆపకుండా బలహీనమైన స్టెరాయిడ్‌కు మార్చి మెల్లగా తగ్గిస్తాను. చర్మవైద్యంలో ఉన్న తోటివారికి ఇదే సూచిస్తాను. రోగి జీవితంలో ఎవరి చూపులు ఎప్పుడు పడబోతున్నాయో తెలియకుండా ఈ జబ్బుకు మందు రాస్తే, ఆ మందు రెండో వారం దాటదు.

తొమ్మిదో నెలలో చూసినప్పుడు ముఖం చేతి లోపలి రంగుకు వచ్చింది. ఎండలో మంట ఇంకా కొంత ఉంది. చెంపల మీద వెంట్రుకలు పలచబడ్డాయి. ముక్కు పక్కన రక్తనాళాలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి లేజర్ ఉందని చెబితే ఇప్పుడు వద్దంది. స్కూలుకు చున్నీ చుట్టుకోకుండా వెళుతోంది. ఆ మధ్య ఒక సంబంధం వస్తే, చూపులకు ముందే ఫోన్‌లో తన ఫొటో ఏ ఫిల్టరూ లేకుండా పంపించమని తల్లికి తనే చెప్పింది. వాళ్లు రాలేదు. ట్యూబు మాత్రం కొనలేదు. కంటి పరీక్ష ఆరు నెలలకోసారి కొనసాగుతుంది.